మెడలో చెవి

మా ఇంట్లో రహస్యం చెప్పుకోవడానికి గొంతు తగ్గించాల్సిన పని ఉండేది కాదు. మొహం అటు తిప్పుకుంటే చాలు. మా అత్తయ్య చెవులతో కాదు, కళ్లతో వినేది. నేతమిల్లులో మగ్గాల మధ్య నిలబడి పనిచేసిన వాళ్లందరికీ ఆ విద్య అబ్బుతుందట. ఆ హోరులో పక్కమనిషి గొంతు చించుకున్నా వినపడదు కాబట్టి పెదాలు చూసి మాట పట్టుకుంటారు. ఆ హోరే చివరికి ఆవిడ చెవుల్ని తినేసింది. పూర్తిగా పోలేదు. లారీ వెళ్లడం, తలుపు దబాలున పడటం లాంటి మోటు చప్పుళ్లు గోడ అవతలి నుంచి వచ్చినట్టు తెలిసేవి. సన్నని శబ్దాలే పోయాయి. ఈల, గిన్నెల గలగల, పసిపిల్ల ఏడుపు.

తనకు వినపడదు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడదన్నట్టు మాట్లాడేది. ఆవిడ వంటింట్లో ఉప్పు అయిపోయిందంటే వీధి చివర కొట్టువాడు పొట్లం కట్టి ఉంచుతాడని మా మరిది ఏడిపించేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నన్ను తిడుతోందనుకుని గదిలో కూర్చుని ఏడ్చేదాన్ని. తీరా చూస్తే ఆవిడ అడిగింది, అన్నం తిన్నావా అని.

ఆ వానాకాలం మొదట్లో నా ప్రసవం సెలవు అయిపోవచ్చింది. నాది కళ్లద్దాల దుకాణంలో వెనకగది పని. చీటీలో రాసిన నంబరు ప్రకారం అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగిస్తాను. మా ఆయన బ్రెడ్డు వ్యాను తోలతాడు, తెల్లవారకముందే వెళ్లిపోతాడు. మరి పిల్లను ఎవరు చూస్తారు? ఆ మాట వచ్చిన ప్రతిసారీ అత్తయ్య, "నేను లేనా?" అని అరిచేది. మేమంతా గోడకేసి చూసేవాళ్లం. ఆవిడకి ఒళ్లో పిల్ల ఏడుస్తుంటే మొహం చూసి తెలిసేది. పక్కగదిలో ఏడిస్తే మాత్రం తెలిసేది కాదు. డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే కూతలు కూస్తుందని ఆవిడ దాన్ని బీరువాలో పడేసి చాలాకాలమైంది.

మా మరిదికి బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టుంది. ఒకనాటి సాయంత్రం పాత ఫోనొకటి, దానికి వైరు ఇయర్‌ఫోన్లు పట్టుకుని వచ్చాడు.

"వదినా, అమ్మకి చెవి తెచ్చాను," అన్నాడు.

"ఫోన్‌రా అది," అన్నాడు మా ఆయన.

"ఇంతకుముందు ఫోను. దీనికి మైకు ఉంది కదా, చుట్టుపక్కల చప్పుడంతా అదే పడుతుంది. ఆ చప్పుడు పెంచి అమ్మ చెవిలో వేయాలి. అంతేగా? కానీ కంపెనీవాడు ఇంతకు మించి పెంచకూడదని లోపల తాళం వేశాడు. అమ్మకి అది ఏ మూలకీ చాలదు. అందుకని తాళం తీసేశాను. అమ్మకి పోయిన సన్నశబ్దాలు మాత్రం బాగా ఎత్తేట్టు వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను."

"తీయొచ్చా అలా?" అన్నాను.

"డబ్బులిచ్చి కొన్నది మనం వదినా. ఫోను మనది, తాళంచెవి వాడిదీనా?"

అత్తయ్య పెదాలు చదువుతూనే ఉంది. చెవి అనే మాట దొరికింది కాబోలు, ఇయర్‌ఫోన్లు లాక్కుని పెట్టుకుంది. మరిది తెరమీద ఏదో నొక్కాడు. బయట వాన పడుతోంది. ఆవిడ ఉలిక్కిపడి పైకప్పు వైపు చూసింది. తరవాత కిటికీ వైపు చూసింది.

"వానకి ఇంత చప్పుడుంటుందా!" అని అరిచింది.

అరిచి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ముగ్గురి వైపు మార్చి మార్చి చూసింది. ఆ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేను. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ మనిషిలా ఉంది.

"అది... నా గొంతేనా?" అంది మళ్లీ. ఈసారి సగమే గొంతు.

మరిది తలూపాడు.

"ఇన్నాళ్లూ ఇలాగేనా మాట్లాడుతున్నాను? ఇంట్లో, వీధిలో, అందరి ముందూ? ఒక్కరైనా చెప్పలేదేంరా?"

"చెబితే నీకు వినపడదు కదమ్మా," అన్నాడు మరిది నవ్వించాలని. ఆవిడ నవ్వలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నం వడ్డించమని నన్ను ఎంత నెమ్మదిగా అడిగిందంటే, నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడకి ఒంట్లో బాగాలేదనుకున్నాను.

ఫోను పట్టేట్టు పాతచీర ముక్కతో సంచి కుట్టుకుని మెడలో వేసుకుంది. ఇక ఆవిడ ఆగడాలు చూడాలి. మేము మొహాలు తిప్పుకుని మాట్లాడే అలవాటు మానలేదు, అన్నేళ్ల అలవాటు ఒక్కనాటితో పోతుందా? మా ఆయన ఓ పొద్దున్న గోడకేసి తిరిగి, "ఈ కాఫీలో నీళ్లే తప్ప కాఫీ కనపడట్లేదే, అమ్మ పెట్టిందా?" అని మామూలు గొంతుతోనే నన్ను అడిగాడు. పొయ్యి దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడ్డ అత్తయ్య, వెనక్కి తిరగకుండానే, "నచ్చకపోతే రేపటి నుంచి నువ్వే పెట్టుకో నాయనా," అంది. మా ఆయన చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. అతను అలా మొహం తిప్పుకుని ఇన్నేళ్లలో ఇంకేమేం అన్నాడో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి, చెవులదాకా ఎర్రబడ్డాడు.

మేము పరీక్ష కూడా పెట్టాం. పిల్లను లోపలి గదిలో పడుకోబెట్టి, అత్తయ్యను పెరట్లో బట్టలు ఉతకమన్నాం. పిల్ల ఇంకా పూర్తిగా ఏడవలేదు, కుయ్‌మంది. అంతే, సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. నేను ఆ మర్నాడే దుకాణానికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాను.

సిమ్ము గొడవ తరవాత వచ్చింది. మిల్లులో అత్తయ్య పక్క మగ్గం మీద పనిచేసిన ఆవిడ ఒకరు ఊరి అవతలి కొసన కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడతో ఫోన్లో మాట్లాడాలని అత్తయ్యకి పట్టుదల.

"ఫోన్ అన్నాక మాట్లాడొద్దుట్రా? సిమ్ము వెయ్యి."

"వద్దమ్మా. ఇది ఇలా ఉండనీ. సిమ్ము వేస్తే నెట్‌వర్కు మీదుగా కంపెనీవాళ్లు లోపలికి తొంగిచూస్తారు."

"చూడనీ. నా దగ్గర దాచుకోడానికేం ఉంది?"

చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే వాడు మాత్రం ఏం చేస్తాడు? సిమ్ము వేశాడు. అప్‌డేట్‌లు రాకుండా అన్నీ ఆపేశానని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తీరా ఫోన్ కలిపితే, మేము మర్చిపోయిన సంగతేమిటంటే, ఆ పక్క మగ్గం ఆవిడకీ వినపడదు. అవతలినుంచి ఆవిడ తన మోకాళ్ల నొప్పుల గురించి అరుస్తోంది. ఇవతల ఈవిడ మనవరాలి పళ్ల గురించి చెబుతోంది. ఒకరి మాటకు ఒకరి జవాబు లేదు. అయినా ఎంతో సేపు మాట్లాడి, ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, "దాని గొంతు ఇలా ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది," అంది. అంతకాలం పక్కపక్కనే నిలబడి పనిచేసిన మనుషులు! మేము నవ్వుదామనుకున్నవాళ్లం నవ్వలేకపోయాం.

ఆ కొద్ది వారాలూ మా ఇల్లు నిజంగా సుఖపడింది. నేను నిశ్చింతగా పనికి వెళ్లేదాన్ని. అత్తయ్య పిల్లకి జోల పాడటం మొదలుపెట్టింది. మా ఆయన్ని, మరిదిని పెంచేటప్పుడు పాడలేదట, శ్రుతి తెలియక సిగ్గేసేదట. ఇప్పుడు తన పాట తనే వింటూ, తప్పుపోతే దిద్దుకుంటూ, సన్నగా, బాగా పాడేది. మా వీధివాళ్లు నన్ను ఆపి, మీ అత్తగారికి ఏమైంది, ఈమధ్య గొంతు వినపడట్లేదు అని అడిగేవారు.

ఆ రోజు మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయింది. మిషను తిరగకపోతే నాకు పని లేదు, ఇంటికి పొమ్మన్నారు. కుండపోతగా వాన. గొడుగు ఉన్నా మోకాళ్లదాకా తడిసి, నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని ఇంట్లోకి వచ్చాను. అత్తయ్య ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. మెడలో సంచీ ఉంది. వాన జల్లు కొడుతుందని కిటికీ రెక్కలు మూసేసి ఉన్నాయి. నన్ను చూసి నవ్వి, చీర అంచు నుంచి కారుతున్న నీళ్లు చూసి ఆశ్చర్యపోయింది.

"అదేమిటే, వాన వెలిసి ఎంతసేపయింది? ఎక్కడ తడిశావు?" అంది నెమ్మదిగా.

నెత్తిమీద రేకులు దడదడలాడిపోతున్నాయి.

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక చెప్పులతోనే లోపలి గదికి పరుగెత్తాను. మంచం మీద పిల్ల లేదు. మంచానికీ గోడకీ మధ్య సందులో, దుప్పటి చుట్టుకుని, ఒక కాలు మంచం పట్టీలో ఇరుక్కుని, తల కిందికి వేలాడుతూ ఉంది. ఏడవడం లేదు. కాదు, ఏడుస్తోంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, గొంతు మాత్రం రావడం లేదు. అరిచి అరిచి పోయింది. మొహం నల్లబడిపోయి ఉంది.

మంచం ఎలా లాగానో, కాలు ఎలా తీశానో నాకు తెలియదు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో మడత సగం పెట్టిన తువ్వాలు. పిల్ల నోరు చూసింది. కాలి మీద నల్లగా కమిలిన గుర్తు చూసింది. ఇయర్‌ఫోన్లు పీకి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ పీకింది. సంచిలోంచి ఫోను తీసి దాన్ని అరచేతిలో పెట్టి తడుతూ ఉండిపోయింది.

"ఎంతసేపటి నుంచి?" అంది.

ఎంతసేపటి నుంచో ఎవరికి తెలుసు? ఫోను తీసుకుని చూశాను. తెల్లటి తెర మీద నల్ల అక్షరాలు ఉన్నాయి. ఈ పరికరంలో అనుమతి లేని మార్పులు కనుగొన్నాం, మీ రక్షణ కోసం వాటిని తొలగించాం అని రాసి ఉంది. కింద సరే అని ఒక్కటే బొత్తం. వద్దు అనడానికి చోటే లేదు.

పిల్లకి ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు. గొంతు రెండు మూడు రోజుల్లో వస్తుందన్నాడు, వచ్చింది కూడా. కానీ ఆ సాయంత్రం మరిది ఆ ఫోను చూసి నేలమీద కూలబడ్డాడు.

"నేను ఆపినవన్నీ ఆపినట్టే ఉన్నాయి వదినా. ఇది వాటిని లెక్కచేయకుండా నెట్‌వర్కు మీదుగా కంపెనీవాడు బలవంతంగా తోసిన అప్‌డేటు. మనల్ని అడగనే అడగలేదు. దానంతట అది దిగి, దానంతట అది ఎక్కి, నేను పెట్టిందంతా తుడిచేసింది."

"మళ్లీ పెట్టు," అన్నాడు మా ఆయన.

"వెనక్కి వెళ్లే దారి లేకుండా లోపల మూసేశారు అన్నయ్యా. ఇదివరకటి తాళం వేరు, ఇది వేరు."

"ఇంకో ఫోన్ తీసుకో."

"ఇప్పుడొచ్చేవన్నీ ఇంతే. నేను చూడకుండా చెబుతున్నాననుకుంటున్నావా?"

మా ఆయన గోడవైపు తిరిగి నాతో, "అమ్మ దగ్గర ఇక వద్దు," అన్నాడు. అత్తయ్య అతని వీపునే చూస్తూ కూర్చుంది. ఏమన్నాడని నన్ను అడగలేదు. అడక్కపోవడమే నాకు ఎక్కువ బాధేసింది.

ఫోను కంపెనీ సర్వీసు సెంటరుకు మరిది, నేను వెళ్దామనుకుంటే, అత్తయ్య చీర మార్చుకుని ముందే గుమ్మంలో నిలబడింది. తనే అడుగుతానంది. ఆ సెంటరు చల్లగా, తెల్లగా ఉంది. మేము టోకెను తీసుకుని కూర్చున్నాం. పిలిచాక కౌంటరు దగ్గరికి వెళ్లాం. అక్కడి అమ్మాయి చిన్నది, మర్యాదస్తురాలు, సర్, మేడమ్ అనకుండా ఒక్క మాట మాట్లాడలేదు. మరిది చెప్పిందంతా విని, ఫోను ఏదో వైరుకు తగిలించి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇందులో లాక్ తీశారు సర్. అది మా షరతులకు విరుద్ధం. దీనికి మేం ఏ సర్వీసూ చేయలేం."

"సర్వీసు అక్కర్లేదండీ. మాది మాకు ఇచ్చేయండి. వాల్యూమ్ పెరగనివ్వండి చాలు. మా అమ్మకి వినపడదు."

"వినికిడి తక్కువ ఉన్నవాళ్ల కోసం మా కొత్త మోడల్లో సదుపాయం ఉంది సర్. మా ఇయర్‌ఫోన్లతోనే పనిచేస్తుంది."

"మా అమ్మకి సరిపోతుందా?"

ఆ అమ్మాయి కాగితం చూసింది. "కొద్దిపాటి లోపానికి మాత్రమేనండి. ఎక్కువ ఉన్నవాళ్లకి రాదు."

"ఎందుకు రాదు?"

"వాల్యూమ్‌కి పరిమితి ఉంది సర్. అంతకు మించితే చెవులు పాడవుతాయి. మీ చెవుల రక్షణ కోసమే."

నా దగ్గరికి రోజూ చీటీలు వస్తాయి. ఎవరి కంటికి ఎంత కావాలో అంత అద్దం అరగదీసి ఇస్తాను. ఇంత మసక ఉన్నవాళ్లకి ఇవ్వం అని నేను ఏనాడైనా అన్నానా? ఆ మాట ఆ అమ్మాయితో అందామనుకున్నాను. ఈలోగా అత్తయ్య కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది. ఆ పిల్ల పెదాల నుంచి ఆవిడ కళ్లు కదల్లేదు, ఒక్క ముక్క కూడా పోలేదని నాకు తెలుసు. అత్తయ్య ఏదో అంది. నాకు, పక్కనే ఉన్నదాన్ని, మిల్లు అన్న మాట ఒక్కటే అందింది.

"కొంచెం గట్టిగా చెప్పండి మేడమ్, వినపడట్లేదు," అంది కౌంటరు అమ్మాయి.

అత్తయ్య ఆ పెదాలూ చదివింది. చేతులు వెనక్కి తీసుకుంది.

బయటికొచ్చాక నేను ఆవిడ ఎదురుగా నిలబడి, "ఏమన్నారు అత్తయ్యా లోపల?" అని అడిగాను.

"మిల్లులో మగ్గాలు అంత చప్పుడు చేస్తుంటే ఏ కంపెనీవాడూ ఇంత మించకూడదని అనలేదమ్మా, అప్పుడు ఏమయ్యారు మీరంతా అన్నాను," అంది. ఆ మాట కూడా నేను దాదాపు పెదాల మీదే చదువుకోవాల్సి వచ్చింది. "పోనీలే. చిన్నపిల్ల, దానికేం తెలుసు."

పిల్లను వీధిలో ఇంకొకరింట్లో వదిలి నేను పనికి వెళ్లడం మొదలుపెట్టాను. అత్తయ్య మేము ఇంట్లో ఉన్నంతసేపూ పిల్లను ఎత్తుకునేది, మేము బయటికి కదలగానే తనే తెచ్చి నా చేతిలో పెట్టేసేది. మెడలో సంచీ తీయలేదు. లోపల ఫోను ఉందో లేదో ఎవరం అడగలేదు. మరిది మాత్రం తన కొట్టుకి వచ్చిన ప్రతి పాత ఫోనునూ విప్పి చూసి, తాళం వేసి ఉందని తెలిసి, పక్కన పడేస్తూ ఉండేవాడు. వాడి మొహంలో నవ్వు పోయింది. అమ్మ ముందుకు రావాలంటే వాడికి మొహం చెల్లేది కాదు.

ఇంట్లో ఏదో తేడాగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది, ఏమిటో తెలియలేదు. కొట్టువాడు, ఏమ్మా ఉప్పు వాడటం మానేశారా అని నవ్వాడు. ఆవిడ ఇంట్లో ఉందో లేదో తెలియడానికి నేను గదులు వెతుక్కోవలసి వస్తోంది. అన్నం దగ్గర ఇంకాస్త వెయ్యనా అని అడుగుతుంటే నేను రెండుసార్లు, ఏమిటండీ, అనాల్సి వస్తోంది. ఆవిడకి తన గొంతు ఎంత పెద్దదో తెలిసిపోయింది. ఇప్పుడది ఎంతవరకు తగ్గిందో తెలుసుకునే దారి లేదు.

వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక ఆదివారం, నేను దండెం మీద బట్టలు తీసుకుని లోపలికి వచ్చాను. అత్తయ్య నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పిల్ల ఆవిడ కాళ్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆవిడ కాళ్లు మెల్లగా ఊపుతూ జోల పాడుతోంది. తల ఊగుతోంది, కనుబొమలు పైకి లేస్తున్నాయి, శ్వాస తీసుకునేచోట తీసుకుంటోంది, చరణం మారేచోట మారుతోంది. పెదాలు కదులుతున్నాయి. పాట లేదు. గాలి కూడా లేదు. ఆ గదిలో గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పిల్ల కళ్లార్పకుండా నానమ్మ నోటికేసి చూస్తోంది. చూస్తూ, తన నోరు కూడా తెరిచి, పెదాలు గుండ్రంగా చుట్టి, మళ్లీ విప్పి, అచ్చం ఆవిడలాగే, శబ్దం లేకుండా పాడుతోంది.

బట్టలు పక్కన పడేశాను. నేను వెళ్లి ఆవిడ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆవిడ భుజాలు పట్టుకున్నాను. ఎంత గట్టిగా అరిస్తే మాత్రం ఆవిడకి ఏం ఒరుగుతుంది? అయినా వీధంతా వినపడేట్టు అరిచాను.

"అత్తయ్యా, గట్టిగా పాడండి! అరవండి అత్తయ్యా, ఇదివరకటిలా అరవండి!"

ఆవిడ బెదిరిపోయి నా పెదాలు చదివింది. తరవాత వీధి తలుపు తెరిచి ఉందేమోనని అటు చూసింది.

"అంత పెద్దగా పాడుతున్నానా?" అన్నట్టు పెదాలు కదిలించి, సిగ్గుపడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.